కిలోంపావు తూగిన కిలో

ఈ వ్యవహారంలో వెలువడిన మెమోలన్నీ టైపు చేసింది నేనే. వాటిలో ఒక్క అచ్చుతప్పు కూడా లేదని మా ఉపసంచాలకులు విరూపాక్షరావుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. కనుక జరిగింది జరిగినట్టు చెప్పడానికి మా ప్రమాణాల శాఖ జిల్లా కార్యాలయంలో నాకంటే తగినవాడు మరొకడు లేడు.

కూరలమ్మేవాళ్ల దగ్గర్నుంచి కిరాణా కొట్ల దాకా అందరి తూకపు రాళ్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం మా శాఖ పని. పేరుకి రాళ్లంటారు గాని అన్నీ ఇనప దిమ్మలే. అడుగున సీసం ముక్క మీద మా ముద్ర ఉంటుంది. వర్తకుల్లో కొందరు తనిఖీ రోజున మంచి రాళ్లు పెట్టి, మర్నాడు లోపల తొలిచిన రాళ్లు బయటికి తీస్తారు. శాఖ పుట్టిన నాటి నుంచీ ఈ బాధ ఉంది. దీనికి మందు విరూపాక్షరావుగారు రాజధానిలో అయిదు రోజుల శిక్షణకి వెళ్లి తీసుకొచ్చారు. సూట్‌కేసంత నల్లపెట్టె అది.

ఇనుము పోతపోసినప్పుడు దాని ఒంటి మీద కంటికి ఆనని గుంటలు, గాట్లు, బుడిపెలు మిగిలిపోతాయట. ఏ రెండు దిమ్మల మీదా అవి ఒకేలా ఉండవట. దిమ్మని పెట్టెలో పెట్టి పక్కనుంచి వాలుగా వెలుతురు కొడితే గుంటలన్నీ నీడలు పరుచుకుని ఆకాశంలో చుక్కల్లా కనబడతాయి. కెమెరా ఆ చుక్కల్ని పట్టుకుని పద్నాలుగు అంకెల సంఖ్య ఇస్తుంది. వేలిముద్ర లాంటిదే. ఆ తరవాత రాయి మార్చినవాడు దొరికిపోతాడు.

ఇంతవరకూ నాకూ సబబుగానే తోచింది.

సిబ్బందినందర్నీ హాల్లో కూర్చోబెట్టి విరూపాక్షరావుగారు ప్రసంగించారు. "మిత్రులారా! ఇంతకాలం మనం తూకపు రాయిని పట్టుకుని నీ బరువెంత అని అడుగుతూ వచ్చాం. అది బహు ప్రాథమికమైన ప్రశ్న. ఇకపై మనం అడగవలసిన ప్రశ్న, నీవెవరు? సుగుణం వల్ల వస్తువుకి గుర్తింపు రాదు. మంచి కిలోలన్నీ ఒకేలా ఉంటాయి. ఏ వస్తువుకైనా సొంతమంటూ ఉండేది దాని లోపం ఒక్కటే. లోపమే రూపం!"

అందరం చప్పట్లు కొట్టాం. వెనక బెంచీ మీంచి సన్యాసిరావు లేచి నిలబడ్డాడు.

"మరి బరువు సార్?"

"బరువు తదుపరి దశలో పరిశీలించబడుతుంది."

పిల్లా సన్యాసిరావు మా ప్రయోగశాల సహాయకుడు. ముప్ఫయ్యొక్క ఏళ్ల సర్వీసు. జిల్లా ప్రమాణ కిలో అతని సంరక్షణలో ఉండేది. ప్రమాణ కిలో అంటే ఇత్తడిది, టేకు పెట్టెలో మఖమలు గుంటలో కూర్చుని ఉంటుంది. జిల్లాలో ఉన్న తూకాలన్నీ చివరికి దాని దగ్గరికే వచ్చి తలవంచాలి. ఇన్‌స్పెక్టర్లు తమ రాళ్లని ఏడాదికోసారి దానితో సరిచూసుకుంటారు. చేతి చెమట అంటితే బరువు మారుతుందని సన్యాసిరావు దాన్ని తొడుగులు వేసుకుని పట్టకారుతో ఎత్తుతాడు, పట్టుగుడ్డతో తుడుస్తాడు. దాన్ని తక్కెడలో దించేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేను కళ్లారా చూశాను.

పథకం ఫారంలో ఇరవై రెండు గళ్లున్నాయి. యజమాని పేరు, తండ్రి లేక భర్త పేరు, రాయి పేరు, గుంటల సంఖ్య, గాట్ల సంఖ్య, అన్నీ ఉన్నాయి. బరువు గడి లేదు. టైపు చేస్తూ ఆ మాటే అడిగాను. "మీరు టైపు చేయండి," అన్నారు విరూపాక్షరావుగారు. చేశాను.

మొదటి నమోదు శిబిరం మా పట్నం కూరగాయల బజారులో పెట్టాం. పందిరి, బల్ల, నల్లపెట్టె, 'లోపమే రూపం' అని రాసిన బట్ట. ముందుగా వచ్చినామె కెల్ల అప్పలకొండమ్మ. వంకాయలు, బీరకాయలు అమ్ముతుంది. యాభై దాటిన మనిషి. రోజూ తెల్లారేసరికి గంప దింపుకుని కూచుంటుంది. ఆమె తక్కెడ పట్టుకుంటే పక్క కొట్టువాళ్లు తమ తూకాన్ని ఆమె దగ్గరికి తెచ్చి సరిచూసుకునేవారు. ఆమె తెచ్చిన అయిదు రాళ్లూ పాతవి. కిలో రాయైతే మరీ గుంటలు పడి ఉంది.

పెట్టె తెర మీద చుక్కలు చూసి విరూపాక్షరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు.

"అద్భుతం! ఏమి గుంటలు! ఏమి గాట్లు!"

"అమ్మోరు పోసినట్టుంటాది బాబూ, నానేటి సెయ్యను," అంది అప్పలకొండమ్మ నొచ్చుకుంటూ. "తూకం మాత్తరం నిఖార్సు."

"తూకం సంగతి ఎవరడిగారమ్మా?"

ఆమె రాళ్లకి జిల్లాలో మొట్టమొదటి సంఖ్యలు వచ్చాయి. పత్రికల వాళ్లు ఆమెనీ రాయినీ కలిపి ఫొటో తీశారు.

తరవాత వచ్చినవాడు పోలినాయుడు. ఉల్లిపాయలు, బంగాళాదుంపల వ్యాపారి. అతనివి అద్దాల్లా మెరిసే కొత్త రాళ్లు. లోపల తొలిపించాడని బజారంతా అనుకునేది. పెట్టెలో పెడితే తెర నల్లగా ఉండిపోయింది. ఒక్క చుక్కైనా లేదు.

"దీనికి లోపం లేదు. కనుక రూపం లేదు. నమోదు చేయడానికి వీలుపడదు," అన్నారు విరూపాక్షరావుగారు.

"సుత్తి పెట్టి ఒక్కటిచ్చీమంటారేటండి సార్?"

"ముద్ర వేసిన రాయిని కొట్టడం శిక్షార్హమైన నేరం."

"మరి లోపం ఎలాగొస్తాదండి?"

"సహజంగా రావాలి."

ఆ నెలంతా పోలినాయుడి చేతిలోంచి తూకపు రాళ్లు సహజంగా జారి సిమెంటు గచ్చు మీద పడుతూనే ఉన్నాయి. పక్క కొట్టు ముసలాయన కాలి బొటనవేలు కూడా అదే సహజత్వంలో చితికింది.

దసరా వెళ్లాక మొదటి తనిఖీ. మా వైపు దసరాకి ఎవరి పనిముట్లకి వాళ్లు పూజ చేసుకుంటారు. అప్పలకొండమ్మ తన రాళ్లని చింతపండు, బూడిద పెట్టి తోమింది. పసుపు పూసి కుంకం బొట్లు పెట్టింది. తోముడుకి కొన్ని గుంటలు విప్పారాయి, కుంకం చేరి కొన్ని మూసుకుపోయాయి. అయిదింటిలో ఒక్కటీ సరిపోలడం లేదని పెట్టె చెప్పింది.

"అమ్మా, నీ రాళ్లు పోయాయి," అన్నారు విరూపాక్షరావుగారు గంభీరంగా.

"ఎక్కడికి పోనాయి బాబూ? ఇయే గదా!"

"ఇవి వేరు. నమోదైన రాళ్లు అయిదు కనబడుటలేదు. నమోదు కాని రాళ్లు అయిదు నీ ఆధీనంలో దొరికాయి."

"ఓలమ్మో! నా సేత్తో తోమీసినాను బాబూ. నా బిడ్డల్నాగ ఎరుగుదును ఈటిని."

"గుర్తుపట్టవలసింది నువ్వు కాదమ్మా, యంత్రం."

పోయిన రాళ్లకి పోలీసు ఫిర్యాదు ఇవ్వాలని నిబంధన. ఫారం నింపిపెట్టడానికి నేను తోడు వెళ్లాను. స్టేషన్లో హెడ్‌కానిస్టేబుల్ కాగితం పరుచుకుని పద్ధతిగా అడిగాడు.

"పోయిన రాళ్లు ఎలా ఉంటాయి?"

"ఇలాగుంటాయి బాబూ," అని ఆమె సంచిలోంచి తీసి బల్ల మీద పేర్చింది.

అతను రాళ్లకేసి, ఆమెకేసి, నాకేసి చూశాడు. నేను మా శాఖ మెమో చూపించాను. మెమో చూశాక ఇంక సందేహించలేదు.

"ఎక్కడ పోయాయి?"

"నా సేతల్లోనే."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. "సింతపండు మీద," అంది.

రాసుకున్నాడు.

ఇలాంటి కేసులు జిల్లాలో నాలుగొందలు తేలాయి. అందరివీ పోయాయి, అందరి దగ్గరా ఉన్నాయి. విరూపాక్షరావుగారు మూడు రోజులు అధ్యయనం చేసి మూలకారణం కనిపెట్టారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేసిన సర్క్యులర్ ఇది: "తూకపు రాళ్లను తూకమునకు వినియోగించుటవలన వాటి గుర్తింపు క్రమేణా నశించుచున్నట్లు గమనించడమైనది. కావున నమోదైన ప్రతి రాయినీ దూదిలో చుట్టి, చెక్కపెట్టెలో భద్రపరచి, తనిఖీ సమయమున మాత్రమే వెలికి తీయవలెను. అట్టి రాళ్లతో సరుకు తూచుట నిషేధించడమైనది."

మరి దేంతో తూచాలి అన్న విషయంలో సర్క్యులర్ మౌనం వహించింది. ఆ మౌనం కూడా నేనే టైపు చేశాను.

బజారులో రెండు రోజులు గందరగోళంగా గడిచింది. మూడోనాడు పోలినాయుడు గోనెసంచి మోయించుకుని మా ఆఫీసుకొచ్చాడు. అందులోంచి ఏటి గట్టున ఏరిన రాళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. నిజం రాళ్లే.

"ఇవేమిటి?" అన్నారు విరూపాక్షరావుగారు.

"తవఁరి ఫారంలో తూకపు రాయి అని ఉన్నాదండి. నాది రాయేనండి."

నేను ఫారం తీసి చూశాను. అలాగే ఉంది.

రాయిని పెట్టెలో పెట్టేసరికి తెరంతా వెలిగిపోయింది. మచ్చలు, చారలు, పగుళ్లు, అభ్రకం తళుకులు కలిపి పదకొండు వందల నలభై లోపాలు. విరూపాక్షరావుగారి కళ్లు చెమర్చాయి. తోమినా చెరగవు, బొట్టు పెట్టినా మూసుకుపోవు. ఇంతకంటే నమ్మకమైన వ్యక్తిత్వం తన సర్వీసులో చూడలేదన్నారు.

"దీన్ని ఏమని నమోదు చెయ్యమంటారు?" అడిగాను.

"దరఖాస్తుదారు ఏమంటే అది."

"కిలో అండి," అన్నాడు పోలినాయుడు. "ఇది అరకిలో. ఇది పావండి."

అలాగే రాశాను. వారం తిరిగేసరికి బజారులో సగంమంది పోలినాయుడి దగ్గరే రాళ్లు కొనుక్కుని నమోదు చేయించుకున్నారు. పోలినాయుడు అప్పలకొండమ్మకీ ఒకటి ఊరికే ఇస్తానన్నాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది.

"ఇది కిలో కాదు. ముప్పాతికకి కూసింత పైన."

"గవర్మెంటు కిలో అంటే నువ్వు కాదంతావేటి అప్పలకొండమ్మా?"

"గవర్మెంటు తింతాదేటి వంకాయలు? తినీవోలు నాకాడికొస్తారు," అని రాయి తిరిగిచ్చేసింది.

ఆనాటి నుంచి ఆమె తూకం మానేసి పోగులు పెట్టి అమ్మింది. పోగుకి ఇన్ని కాయలని కంటితోనే పంచేది. బేరం సగానికి పడిపోయింది. అంతలో కొలత లేని వ్యాపారం చేస్తున్నందుకు పదిహేను రోజుల్లో నమోదైన కిలోతో తూకం మొదలుపెట్టకపోతే బజారులో చోటు రద్దు చేస్తామని ఆమెకి నోటీసు వెళ్లింది. పందొమ్మిదేళ్లుగా ఆమె కూర్చునే చోటు అది. నోటీసు నేనే టైపు చేశాను, చక్కగా వచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే పథకాన్ని మా కార్యాలయానికి కూడా వర్తింపజేశారు. శాఖ తనని తాను మినహాయించుకోవడం నైతికం కాదని విరూపాక్షరావుగారి అభిప్రాయం. సన్యాసిరావు టేకు పెట్టె తెచ్చి, తొడుగులు వేసుకుని, ప్రమాణ కిలోని పట్టకారుతో ఎత్తి నల్లపెట్టెలో దించాడు. తెర నల్లగా ఉండిపోయింది. మరోవైపు తిప్పి పెట్టాడు. నలుపే. కింద తెల్ల అక్షరాలు వెలిగాయి. వస్తువు కనబడలేదు.

సన్యాసిరావు మొహం వెలిగింది. ముప్ఫయ్యొక్క ఏళ్లు తను చేసిన పనికి ఒక యంత్రం సర్టిఫికెట్ ఇచ్చినట్టు నిలబడ్డాడు.

"ఒక్క గీత కూడా లేదు సార్!"

"అదేనయ్యా సమస్య," అన్నారు విరూపాక్షరావుగారు. "యంత్రం దృష్టిలో ఇది లేదు."

"చేత్తో పట్టుకున్నాను కద సార్."

"నువ్వు పట్టుకున్నది ఏమిటో నిరూపించుకోవలసిన బాధ్యత నీది."

ఆ మధ్యాహ్నం ఆయన సన్యాసిరావుని గదిలోకి పిలిచి తలుపు జారవేశారు. ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఆయన చెడ్డవారు కారు. గొంతు తగ్గించి నచ్చజెప్పారు.

"చూడు సన్యాసిరావూ, రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది నీకు. ఒక గీత. గుండుసూదితో చిన్న గీత. నేను చూడను, ఈయన చూడడు. మనందరికీ మర్యాదగా పోతుంది."

"గీత పెడితే తగ్గిపోతాది సార్."

"ఎంత తగ్గుతుంది?"

"మిల్లీగ్రాములో వందో వంతు."

"అంతేనా!"

"ఆ అంత కూడా తగ్గకుండా చూడమనే కద సార్, నాకు ఇన్నేళ్లు జీతం ఇచ్చారు."

విరూపాక్షరావుగారు కిటికీ వైపు తిరిగారు. సన్యాసిరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గీత మాత్రం పెట్టనన్నాడు.

మర్నాడు మెమో వెలువడింది. ప్రమాణ కిలో అనబడు వస్తువు గుర్తింపు లేని ఇత్తడి ముక్కగా పరిగణించబడి, పాత సామానుతో పాటు వేలం వేయబడును. మెమో నేనే తీసుకెళ్లి చేతికిచ్చాను. సన్యాసిరావు నిలబడే చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఒక్క తప్పు కూడా లేదండి," అన్నాడు నాతో.

ఆ రోజు భోజనం డబ్బా విప్పకుండానే ఇంటికి తీసుకెళ్లిపోయాను.

వేలానికి ముందు ఇత్తడిని తూచాలి. తూచడానికి గుర్తింపు ఉన్న రాళ్లు కావాలి. మా ఇన్‌స్పెక్టర్ల రాళ్లన్నీ దూదిలో ఉన్నాయి. కాబట్టి పోలినాయుడి కిలో రాయికి కబురంపాం. తక్కెడలో ఒకవైపు ప్రమాణ కిలో, మరోవైపు పోలినాయుడి రాయి. ఇత్తడి ఉన్న తక్కెడ సిబ్బి దభీమని కిందికి దిగింది. పోలినాయుడి పావుకిలో రాయి కూడా వేస్తే గాని ముల్లు మధ్యకి రాలేదు.

"కిలోంపావు," అన్నారు విరూపాక్షరావుగారు. రాసుకున్నాను.

రికార్డు తిరగేస్తే అదే వస్తువు ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఒక కిలో అని ఉంది. పావుకిలో ఎక్కువ! ఆఫీసు ఆస్తిలో తక్కువ వస్తే దొంగతనం. ఎక్కువ వస్తే ఏమిటో ఎవరికీ తెలియలేదు. విరూపాక్షరావుగారు రెండు పుస్తకాలు చూసి తేల్చారు. సన్యాసిరావుకి సంజాయిషీ మెమో పంపాం. "ఒక కిలో ఉండవలసిన వస్తువు మీ సంరక్షణలో కిలోంపావుకు పెరిగినట్లు తేలినది. అదనపు పావుకిలో ఇత్తడిని మీరు ఎక్కడినుండి, ఏ ఉద్దేశముతో సంపాదించి చేర్చితిరో ఏడు దినములలో తెలుపవలెను."

సన్యాసిరావు ఆ సాయంత్రమే జవాబిచ్చాడు. ఒకటే వాక్యం. "పోలినాయుడి బండరాయిని తూచండి."

జవాబు విషయానికి సంబంధం లేనిదిగా నిర్ణయించి, అతన్ని సస్పెండు చేశాం.

వేలం ఆఫీసు వరండాలో జరిగింది. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన బీరువా, ఇత్తడి ముక్క. పాత సామాన్ల వ్యాపారి ఒక్కడే వచ్చాడు. అతను పాట మొదలుపెట్టేలోగా మెట్ల మీంచి అప్పలకొండమ్మ గొంతు వినబడింది.

"ఆ ఇత్తడిది నాకివ్వండి బాబూ."

సన్యాసిరావు ఆమె వెనకే, గేటు బయట నిలబడి ఉన్నాడు. సస్పెండైన ఉద్యోగి ఆవరణలోకి రాకూడదు. అంతకుముందు రోజే అతను ఆమె గంప దగ్గరికెళ్లి సంగతంతా చెప్పాడట. కరిగించి చెంబులు చేసేస్తారమ్మా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. ఆమె చీర చెంగు విప్పింది. వ్యాపారి రెండుసార్లు పెంచి ఊరుకున్నాడు. ఖరీదు తూకం లెక్కన కట్టాలి గనక, లేని పావుకిలోకి కూడా ఆమే కట్టింది.

గేటు బయట ఆమె దాన్ని చేతుల్లో పెట్టుకుని నిలబడింది. వట్టి చేతులతో. సన్యాసిరావు ఒక్కసారి ముందుకి వచ్చి ఆగిపోయాడు.

"నా సిబ్బి ఇనపది బాబూ. ఇసకా మన్నూ ఉంటాది. గీతలు పడిపోతాయి," అంది ఆమె.

అతను జేబులోంచి పట్టుగుడ్డ తీశాడు. కాసేపు చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"పడనీ అమ్మా. మనం గీస్తే తప్పు గాని, పని చేస్తే పడినవి తప్పు కాదు."

నోటీసు గడువు ఆఖరి రోజున విరూపాక్షరావుగారూ నేనూ నల్లపెట్టెతో బజారుకెళ్లాం. చోటు రద్దు చేసే కాగితం నా సంచిలో సిద్ధంగా ఉంది. బజారులో ఆడవాళ్లంతా అప్పలకొండమ్మ గంప చుట్టూ చేరారు. ఆమె కొన్ని రోజులుగా తూస్తున్న ఇత్తడి కిలోని చీర చెంగుతో తుడవబోయి, మళ్లీ ఏం పోతుందోనని భయపడి, మన్నుతోనే ఎత్తి అందించింది.

"బాబూ, ఇదీ పోనాదంటే నాను లెగిసి ఎల్లిపోతాను. ఇంకేటీ నేదు నాకాడ."

పెట్టె మూత పడింది. సన్యాసిరావు దూరంగా అరటిపళ్ల బండి పక్కన నిలబడి ఉన్నాడు. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను.

తెర మీద చుక్కలు వెలిగాయి. ముందు ఒకటి, తరవాత నాలుగు, తరవాత గుప్పెడు. ముప్ఫయ్యారు గీతలు.

"చక్కని వస్తువు!" అన్నారు విరూపాక్షరావుగారు. "చూశారా, ఎంత సహజమైన లోపాలో! ఇలాంటి దాన్ని కదా ఆఫీసులో ప్రమాణంగా పెట్టుకోవలసింది. ఏమని నమోదు చెయ్యమంటావమ్మా?"

ఆమె అరటిపళ్ల బండి వైపు చూసింది. సన్యాసిరావు చూపుడువేలు ఒకటి ఎత్తాడు.

"కిలో బాబూ," అంది అప్పలకొండమ్మ. "సరిగ్గా కిలో."

అలాగే రాశాను. మా ఇరవై రెండు గళ్లలో నేను నింపినవాటిలో నాకు తెలిసి నిజమైన అంకె అదొక్కటే.

ఇది జరిగి ఏడు నెలలైంది. పథకం విజయవంతమైనందుకు విరూపాక్షరావుగారికి రాజధానికి పదోన్నతి మీద బదిలీ అయింది. అక్కడ పాల క్యాన్ల సొట్టల మీద పని చేస్తున్నారు. మా కార్యాలయంలో టేకు పెట్టె ఖాళీగా ఉంది. కొత్త ప్రమాణ కిలో కావాలని మేం రాసిన ఉత్తరానికి, సదరు వస్తువు లోపాల వివరాలు జతపరచవలెనని జవాబొచ్చింది. సన్యాసిరావు విచారణ తేలకుండానే రిటైరయ్యాడు. ఉదయం పూట అప్పలకొండమ్మ దగ్గర కూర్చుని తక్కెడ పడుతున్నాడు. పోలినాయుడి ఉల్లిపాయలు కొనుక్కున్నవాళ్లు కూడా ఇంటికెళ్లే ముందు అక్కడికొచ్చి, ఒకసారి తూచి చెప్పమని అడిగి వెళుతుంటారు. అతను తూచి చెబుతాడు. ఎవరితోనూ తగువు పెట్టుకోమనడు.

మొన్న ఆదివారం నేనూ సంచి పట్టుకుని వెళ్లాను. అంతకుముందు ఏడు నెలలూ వేరే వీధిలో కొనుక్కున్నాను.

"కిలో వంకాయలు," అన్నాను, అతని మొహం చూడకుండా.

సన్యాసిరావు ఇత్తడి కిలోని వట్టి చేత్తో తీసి సిబ్బిలో పెట్టాడు. ఇప్పుడది మసకబారి, అంచులు గీసుకుని, అన్ని తూకపు రాళ్లలాగే ఉంది. రెండో సిబ్బిలో వంకాయలు ఒక్కొక్కటే వేస్తూ, ఆఖరి కాయ దగ్గర ఆగి, దాన్ని తీసి కొంచెం చిన్నది వేశాడు. ముల్లు నిలువునా నిలబడింది. జిల్లాలో ఆ క్షణాన అంత నిఖార్సయిన తూకం ఇంకెక్కడా జరిగి ఉండదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు అతను చూసిన ముల్లే అది. మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

ఏమైనా అనాలనిపించింది. ఆ మెమోల గురించి. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది.

"కొసరు వెయ్యవా సన్యాసిరావూ?"

అతను తలెత్తి నన్ను చూశాడు. మిల్లీగ్రాములో వందో వంతు కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. అంతవరకూ ముల్లు మీదున్న కళ్లు కాసేపు నా మీదే ఉన్నాయి. నేను నేలకేసి చూడాల్సి వచ్చింది.

"ఎయ్యి బాబూ," అంది అప్పలకొండమ్మ, బీరకాయల మీద నీళ్లు చిలకరిస్తూ. "కొసరు తూకంలోకి రాదు."

సన్యాసిరావు గంప మీదికి వంగాడు. ఒక వంకాయ తీసి వెలుతురుకి ఎత్తి చుట్టూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. ఇంకోటి తీశాడు, అదీ పెట్టేశాడు. అలా అయిదారు చూసి, ఎక్కడా పుచ్చు లేనివి రెండు ఏరి, నా సంచిలో వేశాడు.